ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు: చట్టంలో జవాబు వెతకడం ఎలా?

(పూర్వ విద్యార్థి, ఎల్.ఎల్.ఎం. మొదటి సంవత్సరం)

ఈ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గంలోని తమ్ముళ్ళు అడిగారు. లా చదివేవాళ్ళు రాస్తే సాధారణంగా రాజ్యాంగం గొప్పతనం గురించి రాస్తారు. అలాంటివి మన సంచికల్లో చాలానే వచ్చాయి. అందుకని నేను ఈ ఏడాది చేస్తున్న పని గురించే రాస్తున్నాను. వికలాంగులైన పిల్లల చదువుకు సంబంధించిన చట్టాలు నా పరిశోధన విషయం. అయితే ఆ చట్టాల జాబితా ఇవ్వడం నా ఉద్దేశం కాదు. జాబితా కంఠతా పట్టినా రేపు ఒక తల్లి వచ్చి అడిగే ప్రశ్నకు జవాబు దొరకదు. జవాబు ఎలా వెతకాలో తెలిస్తే దొరుకుతుంది. కాబట్టి నిజంగా నా ముందుకు వచ్చిన ఒక ప్రశ్ననే తీసుకుని, దాని వెంట నడుద్దాం.

మా వాడలో నాకు వరసకు పిన్ని అయ్యే ఒకామె ఉంది. ఆమె కూతురికి పుట్టుకతోనే వినపడదు. ఊళ్ళోని బడిలో పడుతూ లేస్తూ 8వ తరగతి పూర్తి చేసింది. వయసు 15. పక్క ఊరి హైస్కూల్లో 9వ తరగతిలో చేర్చడానికి తీసుకెళితే అక్కడ రెండు మాటలు చెప్పారట. ఒకటి: "విద్యా హక్కు 14 ఏళ్ళ వరకే, 8వ తరగతి వరకే." రెండు: "సైగల భాష తెలిసిన టీచరు మా దగ్గర లేరు, మూగ చెవిటి పిల్లల బడికి తీసుకెళ్ళండి." ఆ బడి జిల్లా కేంద్రంలో ఉంది. ఆడపిల్లను అంత దూరం పంపడం వాళ్ళకు ఇష్టం లేదు. పిల్ల కూడా ససేమిరా అంది. "లా చదువుతున్నావంట కదా నాయనా, దీనికేమన్నా దారి ఉందా? లేకపోతే నాతోపాటు మిరప కోతలకు తీసుకుపోతా" అని అడిగింది పిన్ని. బడులు తెరిచి అప్పటికే పది రోజులైంది.

ముందు ప్రశ్నను సరిగ్గా రాసుకోవాలి

మొదటి రోజు నేను ఏ పుస్తకమూ తెరవలేదు. తెల్లకాగితం మీద నాలుగు విషయాలు రాసుకున్నాను. పిల్ల ఎవరు? వయసు 15, వైకల్య ధ్రువపత్రంలో 72 శాతం. ఎదుటి పక్షం ఎవరు? ప్రభుత్వ హైస్కూలు. ఏం నిరాకరించారు? ప్రవేశం. ఏ కారణం చెప్పారు? ఒకటి వయసు, రెండోది టీచరు లేకపోవడం. ఈ నాలుగూ రాయకుండా "వికలాంగుల చదువు హక్కులు" అని ఇంటర్నెట్‌లో కొడితే సముద్రంలో పడ్డట్టే. పైగా ఇంగ్లీషులో వెతికితే వచ్చేదాంట్లో ఎక్కువ భాగం అమెరికా చట్టమే. ఆ దేశంలో 1975 నుంచే ప్రత్యేక విద్యకు పెద్ద చట్టం ఉంది. 1982లో రౌలీ అనే కేసు అక్కడి సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అది కూడా వినికిడి లోపం ఉన్న ఒక పాప కేసే. బడిలో సైగల భాష అనువాదకుడు కావాలని తల్లిదండ్రులు అడిగితే కోర్టు ఇవ్వక్కర లేదంది. చదవడానికి ఆసక్తిగానే ఉంటుంది. కానీ మన హైస్కూలు హెడ్మాస్టరు మీద అది పనిచేయదు. విదేశీ తీర్పు మన కోర్టుల్లో మహా అయితే ఒక ఆలోచనగా పనికొస్తుంది తప్ప కట్టుబాటు కాదు.

తెలుగులో వెతికేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఒక కాగితంలో "వికలాంగులు" అని, ఇంకో కాగితంలో "దివ్యాంగులు" అని, మరో దాంట్లో "విభిన్న ప్రతిభావంతులు" అని ఉంటుంది. బడి రికార్డుల్లో అయితే "ప్రత్యేక అవసరాలు గల పిల్లలు". అందరూ ఒకరే. ఒక్క పేరుతో వెతికి ఏమీ లేదనుకోకూడదు. పేర్లు మార్చినంత సులువుగా బడి మెట్ల పక్కన ర్యాంపు కట్టి ఉంటే బాగుండేది.

చట్టం అసలు ప్రతి చదవాలి

గైడ్లలో, పత్రికల్లో చట్టం గురించి రాసినవి చదివి ఊరుకోవద్దు. కేంద్ర చట్టాలన్నీ సవరణలతో సహా "ఇండియా కోడ్" అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను వరసగా మూడు చట్టాలు తీశాను.

మొదటిది 2009 నాటి విద్యా హక్కు చట్టం. ఇది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ వరకు, 1 నుంచి 8వ తరగతి వరకు ఉచిత నిర్బంధ విద్య. 2012లో దీనికి సవరణ వచ్చి వికలాంగులైన పిల్లలను "ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గం" నిర్వచనంలో చేర్చారు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలు కూడా అప్పుడే ఇచ్చారు. (ఈ వీలును "మీ పిల్లవాడిని ఇంటి దగ్గరే ఉంచండి" అని చెప్పడానికి వాడుకునేవాళ్ళున్నారు. ఎంచుకునే హక్కు పిల్లవాడిది, బడిది కాదు.) ఇంతవరకు చూస్తే హైస్కూలు వాళ్ళు చెప్పిన మాట సరిగానే ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

రెండోది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ఆ ఏడాది 49వ చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది ఇదే. దీని 31వ సెక్షన్ దగ్గర నేను చాలాసేపు ఆగాను. "విద్యా హక్కు చట్టంలో ఏమి ఉన్నప్పటికీ" అని ఆ సెక్షన్ మొదలవుతుంది. ఆ తర్వాత నిర్దిష్ట స్థాయి వైకల్యం గల ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య పొందే హక్కు ఉందని, అది దగ్గరలోని బడిలోనైనా ప్రత్యేక బడిలోనైనా తాను ఎంచుకున్న చోట అని చెబుతుంది.

తమ్ముళ్ళూ, ఆ మొదటి ముక్కను గుర్తుపెట్టుకోండి. చట్టంలో "ఏమి ఉన్నప్పటికీ" అని మొదలైతే, ఆ రెండు చట్టాలకు తగువు వచ్చినప్పుడు ఈ సెక్షన్ మాటే చెల్లుతుందని అర్థం. హైస్కూలు చెప్పిన మొదటి కారణం ఇక్కడ పోయింది. "ఎంచుకున్న చోట" అనే మాటతో రెండో కారణం కూడా సగం పోయింది. ప్రత్యేక బడి ఉంది కాబట్టి అక్కడికే పొమ్మనడానికి వీల్లేదు.

"నిర్దిష్ట స్థాయి" అంటే ఏమిటో ఊహించకూడదు, నిర్వచనాల సెక్షన్‌కు వెళ్ళాలి. అక్కడ 40 శాతానికి తగ్గకుండా అని ఉంది. మన పాపకు 72. సరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త: చట్టం షెడ్యూల్లో వినికిడి లోపాన్ని డెసిబెల్స్‌లో చెప్పారు. రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరత్వం, 60 నుంచి 70 అయితే వినికిడి లోపం. ఆ అంకె వేరు, ధ్రువపత్రంలో డాక్టర్ల బోర్డు వేసే శాతం వేరు. రెండింటినీ కలిపేసి దరఖాస్తు రాస్తే గుమాస్తా దగ్గరే తిరిగి వస్తుంది.

మూడోది రద్దయిపోయిన చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టం. పేరులో 1995 ఉన్నా అది 1996లో 1వ నంబరు చట్టం, ఎందుకంటే రాష్ట్రపతి ఆమోదం 1996 జనవరి 1న వచ్చింది. రద్దయిన చట్టం చూడటం దేనికని మీరు అడగవచ్చు. దాని 26వ సెక్షన్లోనూ 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య అనే ఉంది. అంటే ఈ 18 అనేది కొత్తగా వచ్చిన అంకె కాదు. 1996 ఫిబ్రవరి 7న ఆ చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉన్న హక్కు గురించి మా పిన్నికి ఎవరూ చెప్పలేదు. పైనున్నవాళ్ళు కొత్త నిబంధన, మాకింకా సర్క్యులర్ రాలేదు అంటే చూపించడానికి ఈ పాత చట్టం పనికొస్తుంది.

"ప్రయత్నించాలి" వేరు, "చేయాలి" వేరు

ఇక టీచరు సంగతి. 2016 చట్టం 16వ సెక్షన్ చదివితే ప్రాణం లేచి వస్తుంది. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న అన్ని బడులూ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాలు అందరూ వెళ్ళగలిగేలా ఉండాలి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, వినపడని పిల్లలకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చెప్పాలి, ఎక్కువ సాయం అవసరమైన పిల్లలకు రవాణా, వెంట మనిషి కూడా. కానీ సెక్షన్ మొదట్లో ఒక చిన్న మాట ఉంది: ఇవన్నీ జరిగేలా ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు "ప్రయత్నించాలి" అని. ఇంగ్లీషులో "షల్ ఎండెవర్". కింద జాబితా ఎంత పొడుగున్నా పైన ఈ మాట ఉంటే ఎదుటి వకీలు "మేము ప్రయత్నిస్తూనే ఉన్నామండి" అని చెప్పి కూర్చోగలడు.

అందుకే పక్క సెక్షన్లు కూడా చదవాలి. 17వ సెక్షన్లో ఆ మెత్తదనం లేదు. ప్రభుత్వాలు ఈ చర్యలు "తీసుకోవాలి" అంది. సైగల భాష, బ్రెయిలీ తెలిసిన టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించడం అందులో ఉంది. 18 ఏళ్ళ వరకు పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వడం, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాష నుంచి మినహాయింపు, అయిదేళ్ళకోసారి బడి పిల్లల సర్వే కూడా ఉన్నాయి. 31వ సెక్షన్ రెండో భాగంలోనూ తగిన వాతావరణంలో చదువు అందేలా "చూడాలి" అనే ఉంది. నా దరఖాస్తులో 16ను వెనక పెట్టి 31నూ 17నూ ముందు పెట్టాను. ఏ సెక్షన్ గట్టిదో ఏది మెత్తదో తెలుసుకోవడమే సగం పని అని నా అభిప్రాయం.

తీర్పులు చదివే తీరు

తర్వాత కోర్టులు ఏమన్నాయో చూడాలి. సుప్రీం కోర్టు తీర్పులు ఇప్పుడు ఈ-ఎస్.సి.ఆర్. అనే కోర్టు వారి సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. 2023 జనవరి నుంచి ఈ వసతి వచ్చింది. పుస్తకాల్లో "(2021) 5 ఎస్.సి.సి. 370" అని కనపడితే కంగారు పడొద్దు. 2021వ సంవత్సరం, 5వ సంపుటం, సుప్రీం కోర్టు కేసెస్ అనే పత్రిక, 370వ పేజీ. బస్సు టిక్కెట్టు మీద అంకెల్లాంటివే, అలవాటైతే చదవడం తేలిక.

ఆ పేజీలో ఉన్నది వికాస్ కుమార్ కేసు. ఆయన డాక్టరు చదివి సివిల్స్ రాయబోయారు. చేతికి రాసేటప్పుడు పట్టేసే జబ్బు. 40 శాతం లేదు కాబట్టి సహాయకుడిని ఇవ్వమని కమిషన్ అంది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీం కోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, వికలాంగుడు అనే మాటా, 40 శాతం పైబడిన వికలాంగుడు అనే మాటా చట్టంలో వేరువేరని, సర్దుబాటు పొందే హక్కు మొదటివారికీ ఉంటుందని చెప్పింది. 40 శాతం లోపు వారికి సహాయకుడి మార్గదర్శకాలు 2022 ఆగస్టులో వచ్చాయి. మన హాస్టల్లో ఎవరికైనా చేతి సమస్య ఉంటే ఈ తీర్పు పేరు రాసి పెట్టుకోండి. సహాయకుడి అర్హత ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. 2021లోనే అవనీ ప్రకాశ్ అనే అమ్మాయికి నీట్‌లో ఆ గంట ఇవ్వకుండా పేపరు లాక్కున్నారు. ఆమె సుప్రీం కోర్టుకు వెళ్ళింది. పరీక్ష మళ్ళీ పెట్టమని కోర్టు అనలేదు గానీ, జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దాలో చూడమని పరీక్ష నిర్వహించిన సంస్థను ఆదేశించింది.

తీర్పు దొరకగానే సంబరపడకూడదు. అది ఇంకా నిలిచి ఉందా అని చూడాలి. వికాస్ కుమార్ కేసులో ఎదుటి పక్షం చూపించిన 2019 నాటి సురేంద్ర మోహన్ తీర్పు ఇద్దరు న్యాయమూర్తులది. దాన్ని ఇక కట్టుబాటుగా తీసుకోనక్కర లేదని ఈ ముగ్గురూ చెప్పారు. తేదీ, న్యాయమూర్తుల సంఖ్య రెండూ చూసుకోకపోతే చచ్చిన తీర్పును భుజాన వేసుకుని తిరిగినట్టవుతుంది.

ఒక్కోసారి తీర్పులో సగం పోయి సగం మిగులుతుంది. మన రాష్ట్రం పేరుతో ఉన్న ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసు అలాంటిదే. అసలు వివాదం ఇంజనీరింగు, మెడికల్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల మీద. దాంట్లోనే 1993లో కోర్టు 14 ఏళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తులు ఆ కాలేజీల పథకాన్ని కొట్టేసి, చదువు హక్కు భాగాన్ని మాత్రం ఉంచారు. ఆ ఏడాదే రాజ్యాంగంలో 21ఏ అధికరణం వచ్చింది.

టీచర్ల మీద ముఖ్యమైనది రజనీశ్ కుమార్ పాండే కేసు. మామూలు బడుల్లో ప్రత్యేక టీచర్లు ఉండాల్సిందేనని 2021 అక్టోబరు 28న సుప్రీం కోర్టు చెప్పి, అప్పటికి తాత్కాలికంగా నిష్పత్తులు పెట్టింది. 2022 జూన్‌లో కేంద్రం విద్యా హక్కు చట్టం షెడ్యూలు మార్చి ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒకరు అని పెట్టింది. అయినా రాష్ట్రాలు పోస్టులు మంజూరు చేయకపోవడంతో 2025 మార్చిలో కోర్టు మళ్ళీ గడువు పెట్టాల్సి వచ్చింది. చూడండి, ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ షెడ్యూలు 8వ తరగతి వరకే. మన పాప 9వ తరగతి. కాబట్టి ఈ నిష్పత్తిని నేరుగా అడగలేం. 8 వరకు అవసరమైన టీచరు 9లో అనవసరం ఎలా అవుతారని వాదనగా మాత్రమే పెట్టగలం. నాకు అనుకూలంగా ఉందని లేనిదాన్ని ఉన్నట్టు రాస్తే, ఎదుటివాడు అది ఒక్కటి పట్టుకుని మిగతావన్నీ కొట్టేస్తాడు.

హైదరాబాదుకు సంబంధించిన ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో భవనాలు, వాహనాలు అందరికీ అందుబాటులో ఉండాలన్న నిబంధనలు ఐచ్ఛికం కాకూడదని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక తయారు చేసింది మన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. మనకు దగ్గర్లో కూర్చుని చేసిన పరిశోధన దేశమంతటి మెట్లను మార్చగలదన్నమాట. లా చదవాలనుకునే తమ్ముళ్ళు ఇది చూసుకోండి.

జవాబు దొరికాక

చట్టం మన పక్కన ఉందని తెలిశాక పిన్ని వెంటనే కోర్టుకు పోదామంది. కోర్టు చివరి మెట్టు. ముందు హెడ్మాస్టరు గారికి తెలుగులో ఒకటిన్నర పేజీ దరఖాస్తు రాశాం. 31వ సెక్షన్ నకలు, వైకల్య ధ్రువపత్రం, 8వ తరగతి టి.సి. జతచేశాం. కోపం ఒక్క మాట కూడా రాయలేదు. ప్రవేశం ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని చివర్లో అడిగాం. నోటితో "కుదరదు" అన్నంత తేలిక కాదు, కాగితం మీద రాసి సంతకం పెట్టడం. రెండుసార్లు తిరిగాం. మూడోసారి పాపను చేర్చుకున్నారు.

టీచరు మాత్రం ఇంకా రాలేదు. మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉంది. అక్కడి రిసోర్స్ పర్సన్ వారానికోసారి వస్తారన్నారు, నెలలో రెండుసార్లు వచ్చారు. మిగతా రోజుల్లో పాప ముందు బెంచీలో కూర్చుని పెదాలు చూస్తుంది, పక్క పిల్ల నోట్సు చూసి రాసుకుంటుంది. టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ కాసేపు ఆమెకు పాఠం లేనట్టే. పాఠం చెప్పేటప్పుడు పిల్లల వైపు తిరిగి చెప్పమని అడగడానికి ఖర్చేమీ లేదు. చట్టం చెప్పే సర్దుబాటు అంటే అలాంటిది కూడా. మోయలేని భారమైతే ఇవ్వక్కరలేదని నిర్వచనంలోనే ఉంది కాబట్టి, అధికారులు ముందుగా "భారం" అనే మాటే పట్టుకుంటారు. అందుకే ఖర్చు లేనివాటిని దరఖాస్తులో ముందు రాయాలి.

టీచరు కోసం ఇప్పుడు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపాం. ఆ కార్యాలయానికి సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. మండలంలో ఇలాంటి పిల్లలు ఎంతమంది, ప్రత్యేక టీచరు పోస్టులు ఎన్ని అని సమాచార హక్కు కింద కూడా అడిగాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవారికి ఫీజు లేదు. అంకెలు చేతిలో ఉంటే ఒక పాప ఫిర్యాదు మండలం ఫిర్యాదు అవుతుంది.

వకీలు ఫీజు సంగతి చాలామంది అడుగుతారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు ఉచిత న్యాయ సహాయం ఉంది. దీనికి ఆదాయంతో పని లేదు. మన హాస్టల్ పిల్లల్లో చాలామంది ఒకటికి రెండు విధాలుగా అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది.

పై చదువులకు వెళ్ళేవారికి ఒక మాట. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో 40 శాతం పైబడిన వికలాంగులకు 5 శాతానికి తగ్గకుండా సీట్లు, వయసులో 5 ఏళ్ళ సడలింపు 32వ సెక్షన్ ఇచ్చింది. ఈ రిజర్వేషన్ ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లకు అడ్డంగా వెళుతుంది. ఒక ఎస్సీ వికలాంగ విద్యార్థి రెండింటిలో ఒకటి వదులుకోనక్కర లేదు. దరఖాస్తులో రెండు గడులూ నింపండి.

మీ ఊళ్ళో ఇలాంటి పిల్లలుంటే సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి చూడండి. వైకల్య ధ్రువపత్రం, చివరగా చదివిన బడి టి.సి., బడివాళ్ళు కాదన్న రోజు తేదీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని రండి. పోస్టులో పంపినదానికి రసీదు, చేతికి ఇచ్చినదానికి నకలు మీద ముద్రా సంతకమూ లేకుండా ఏ కార్యాలయం నుంచీ వెనక్కి రావద్దు.